తెడ్డు తగిలిన చోట వెలుగు

అండమాన్‌లో పొద్దు తొందరగా వాలిపోతుంది. మన దేశపు టైమ్‌ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, అంటే కాకినాడ దగ్గర్లోంచి పోయే గీత మీద లెక్కగడతారు. అండమాన్ దీవులు దానికి ఇంకో పది డిగ్రీలు తూర్పున ఉన్నాయి. గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం అక్కడ దాదాపు నలభై నిమిషాలు ముందే దిగిపోతాడు. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే వెలుతురు పల్చబడుతుంది. ఆరున్నర అయ్యేసరికి మడ అడవుల మధ్య నీటిపాయల్లో పక్కనున్న మనిషి మొహం కనిపించదు. హావ్‌లాక్ దీవిలో రాత్రి కయాక్ యాత్రలకు ఈ తొందర చీకటి బాగా కలిసొచ్చింది. 2018 చివర్లో ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చినా జనం నోట్లో ఇంకా హావ్‌లాకే నలుగుతోంది.

ఆ పడవ ఎక్కేవాళ్లలో చాలామంది ఫోన్లో చూసిన ఒక ఫోటోని మనసులో పెట్టుకుని వస్తారు. అందులో అల మొత్తం కరెంటు నీలంలో మెరుస్తుంటుంది, ఒడ్డున ఇసుక మీద అడుగులు కూడా నీలంగా ఉంటాయి. తీరా నీళ్ల మీదికి వెళ్లాక మొదటి పది నిమిషాలు ఏమీ కనిపించదు. ఇంత డబ్బు పోసి వస్తే ఇదేనా అనిపిస్తుంది. ఆ తర్వాత తెడ్డు వేసిన చోట సన్నగా, తెల్లగా ఏదో కదిలినట్టు తోస్తుంది. ఇంకాసేపటికి ఆ తెలుపు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. తెడ్డు పైకెత్తితే అంచు నుంచి జారే ప్రతి బొట్టూ నీటిని తాకిన చోట ఒక చిన్న వలయం వెలిగి ఆరిపోతుంది. పడవ కింద నుంచి చేప దూసుకుపోతే చేప కనిపించదు, అది పోయిన దారి కనిపిస్తుంది.

చూసినవాళ్లు మర్చిపోలేని దృశ్యం ఇది. కానీ దీని గురించి మన దగ్గర వచ్చే రాతల్లో ఎక్కువ భాగం ‘సముద్రం మెరిసింది, అద్భుతం’ అన్న దగ్గరే ఆగిపోతున్నాయి. సముద్రంలో వెలుగు ఒక్కటి కాదు. వేర్వేరు జీవులు వేర్వేరు పనుల కోసం వెలిగించుకునే దీపాలు అవి. కొన్నిచోట్ల ఆ వెలుగు నీళ్లు కుశలంగా ఉన్నాయని చెబుతుంది, కొన్నిచోట్ల సముద్రానికి ఒంట్లో బాగాలేదని చెబుతుంది. రాత్రిపూట చూస్తే రెండూ ఒకేలా అందంగా ఉంటాయి. అందుకే ‘ఎంత బాగుందో’ అనుకున్నాక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: వెలిగిస్తున్నది ఎవరు?

తెడ్డు తగిలితే వెలిగేవి ఎక్కువగా డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు. ఒక్కో జీవి ఒకే ఒక్క కణం, కంటికి విడిగా ఆనదు. వీటిలో చాలా రకాలు పగలు మొక్కల్లా ఎండ తాగి ఆహారం తయారు చేసుకుంటాయి. ఆ కణం లోపల వెలుగు కోసమే ప్రత్యేకించిన చిన్న చిన్న సంచులు ఉంటాయి. వాటిలో లూసిఫెరిన్ అనే పదార్థం, దాన్ని ఆక్సిజన్‌తో కలిపించే లూసిఫెరేజ్ అనే ఎంజైమ్ ఉంటాయి. పక్కన నీరు ఒక్కసారిగా కదిలి కణం గోడ నొక్కుకోగానే లోపల ఒక విద్యుత్ సంకేతం పరుగెత్తుతుంది. దాంతో ఆ సంచుల్లోకి ఆమ్లం జొరబడుతుంది, అంతవరకు కట్టేసినట్టు ఉన్న లూసిఫెరిన్ విడుదలవుతుంది, ఎంజైమ్ దాన్ని పట్టుకుంటుంది. ఫలితంగా సెకనులో పదో వంతు సేపు ఒక నీలి మెరుపు. మీట నొక్కడం, సంకేతం పోవడం, దీపం వెలగడం, ఆరడం అన్నీ రెప్పపాటులో అయిపోతాయి. ఇందులో వేడి దాదాపుగా పుట్టదు.

వెలుగు నీలంగానే ఎందుకు? సముద్రపు నీరు ఎరుపుని త్వరగా మింగేస్తుంది, నీలాన్ని దూరం పోనిస్తుంది. నీళ్లలో కబురు పంపాలంటే నీలమే పనికొస్తుంది. అందుకే సముద్ర జీవుల్లో అత్యధిక భాగం వెలుగు నీలం, నీలి ఆకుపచ్చల మధ్యే ఉంటుంది. ఎరుపు వెలుగు ఇచ్చే లోతు సముద్రపు చేపలు లేకపోలేదు, కానీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంత చిన్న జీవికి ఇంత ఏర్పాటు ఎందుకనే దానికి జవాబు దాన్ని తినేవాళ్లలో ఉంది. కోపిపాడ్ అనే బియ్యపు నూకంత రొయ్య జాతి జీవి రాత్రిపూట పైకి వచ్చి ఈ కణాలను మేస్తుంది. దాని కాలు తగలగానే కణం మెరుస్తుంది. ఒకటి, ఆ మెరుపుకి కోపిపాడ్ ఉలిక్కిపడి పక్కకు దూకుతుంది. రెండు, చీకట్లో దాక్కుని మేస్తున్న కోపిపాడ్ ఎక్కడుందో ఆ వెలుగులో దాన్ని తినే చేపకి తెలిసిపోతుంది. ఇంట్లో దొంగ పడితే ఊరంతా లేచేలా కేక వేయడం లాంటిదే ఇది. కయాక్‌లో కూర్చున్నవాళ్లు చూసి మురిసిపోయే మెరుపు ఆ జీవి వైపు నుంచి చూస్తే ‘నన్ను తినేస్తున్నారు’ అన్న కేక. మన తెడ్డుని అది ఒక పెద్ద కోపిపాడ్ అనుకుంటోంది, అంతే.

ఇది తెలిశాక నీళ్లని అదేపనిగా చిందరవందర చేయబుద్ధి కాదు. చేసినా లాభం లేదు కూడా. ఒక్కో కణం దగ్గర ఆ రాత్రికి సరిపడా సరుకు కొంతే ఉంటుంది. వెంటవెంటనే కదిలిస్తే మెరుపులు మసకబారతాయి, తిరిగి నింపుకోవడానికి దానికి టైమ్ కావాలి. అయిదారు పడవలు గుంపుగా తిరిగిన పాయలో వెనక వచ్చినవాళ్లకి తక్కువ కనిపించడానికి ఇదొక కారణం. నిదానంగా, విడివిడిగా, ఎవరూ కలపని నీళ్లలోకి పోయేవాళ్లకే బాగా కనిపిస్తుంది. వీటికి సొంత గడియారం కూడా ఉంది. ప్రయోగశాలలో పగలూ రాత్రీ ఒకే మసక వెలుతురులో ఉంచినా, బయట రాత్రి అయ్యే వేళకే వీటి మెరుపు పెరుగుతుందని అమెరికా శాస్త్రవేత్తలు ఉడ్‌లాండ్ హేస్టింగ్స్, బియాట్రిస్ స్వీనీ 1950ల్లోనే చూపించారు. జీవుల లోపలి గడియారాల గురించి తొలినాటి గట్టి ఆధారాల్లో ఇదొకటి.

ఇక ఆ మొదటి పది నిమిషాల నిరాశ సంగతి. తప్పు నీళ్లది కాదు, కంటిది. మన కంట్లో రంగు చూసే శంకు కణాలు వేరు, మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు వేరు. దండ కణాలు పూర్తిగా మేల్కోవడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఈలోపు ఎవరైనా ఫోన్ తీసి మెసేజ్ చూసుకుంటే లెక్క మళ్లీ మొదటికి. తనకే కాదు, పక్కనున్నవాళ్లకి కూడా. చూపు మధ్యలో దండ కణాలు ఉండవు కాబట్టి మెరుపు వైపు సూటిగా కాకుండా ఒక ఓరకి చూస్తేనే ఎక్కువ కనిపిస్తుంది. పైగా దండ కణాలకు రంగు తెలియదు. అందుకే పల్చటి వెలుగు మన కంటికి తెల్లగా, బూడిదగా తోస్తుంది. బాగా దట్టంగా ఉన్నప్పుడే నీలం తెలుస్తుంది. కెమెరా అలా కాదు. దాని షట్టర్ అయిదు పది సెకన్లు తెరిచి ఉంచితే ఆ వ్యవధిలో వచ్చిన మెరుపులన్నీ ఒకే ఫోటోలో పేరుకుంటాయి, రంగుతో సహా. ఫోటో అబద్ధం కాదు, కానీ ఏ క్షణంలోనూ అలా లేని దృశ్యాన్ని అది చూపిస్తుంది. ఈ ముక్క టికెట్ కొనే ముందే చెప్పేవాళ్లు ఉంటే సగం నిరాశలు తప్పుతాయి.

చంద్రుడి లెక్క అంతకన్నా ముఖ్యం. తెలుగు ఇళ్లలో గోడకి వేలాడే క్యాలెండర్ చాలు. బహుళ పంచమి దాటాక చంద్రుడు రాత్రి తొమ్మిదిన్నర, పది తర్వాత గానీ రాడు, కాబట్టి సాయంత్రం అంతా చీకటే. అమావాస్య సరేసరి. శుద్ధ తదియ దాకా నెలవంక తొందరగానే దిగిపోతుంది. శుద్ధ అష్టమి నుంచి పౌర్ణమి వరకు పొద్దుగూకే వేళకే చంద్రుడు ఆకాశంలో ఉంటాడు, ఆ రోజుల్లో మెరుపు ఉన్నా వెన్నెల మింగేస్తుంది. టూర్ ప్యాకేజీలో తేదీ ఖాయం చేసుకునే ముందు తిథి చూసుకోవడం చాదస్తం కాదు.

డైనోఫ్లాజెల్లేట్ల మెరుపు సూదిమొనంత, రెప్పపాటు. అదే నీళ్లలో చూడటం వచ్చినవాళ్లకి ఇంకొన్ని వెలుగులు తెలుస్తాయి. పిడికెడంత ఆకారం మెల్లగా నీలి ఆకుపచ్చగా వెలిగి, రెండు మూడు సెకన్లకు ఆరిపోతే అది దువ్వెన జెల్లీ అయ్యుండొచ్చు. వాటి ఒంటి మీద ఇంద్రధనుస్సు రంగులు పరుగెత్తే వీడియోలు బాగా తిరుగుతుంటాయి. ఆ రంగులు జీవి వెలిగించినవి కావు, మీద పడ్డ లైటు దాని సన్నటి వెంట్రుకల మీద చీలి వచ్చేవి. దాని సొంత వెలుగు చీకట్లోనే కనిపిస్తుంది, అందులో ఒకటే రంగు. ఇక నీళ్లలో నీలి పొగ వదిలినట్టు ఒక మరక కనిపించి కాసేపు నిలిచిందంటే అది ఆస్ట్రకాడ్ పని. ఆవగింజ కన్నా కాస్త పెద్దగా, రెండు చిప్పల మధ్య ఉండే జీవి. వెలుగుని ఒంట్లో ఉంచుకోకుండా నీళ్లలోకి ఉమ్మేసి తాను జారుకుంటుంది.

ఈ ఆస్ట్రకాడ్‌ను జపాన్‌లో ఉమిహొతారు అంటారు, సముద్రపు మిణుగురు అని అర్థం. దీన్ని ఎండబెట్టి దాచినా, మళ్లీ నీళ్లు తగిలితే వెలుగుతుంది. నగోయా విశ్వవిద్యాలయంలో ఒసాము షిమొమురా అనే యువకుడు దీని లూసిఫెరిన్‌ను 1956లో స్ఫటికంగా వేరుచేశాడు. ఆ తర్వాత ఆయన అమెరికా వెళ్లి, 1961 వేసవిలో ఫ్రైడే హార్బర్ దగ్గర జెల్లీఫిష్‌లను వేల లెక్కన పట్టి వాటి వెలుగు రహస్యం వెతికాడు. ఎన్ని పద్ధతులు ప్రయత్నించినా తేలలేదు. ఒకరోజు విసుగుతో, చేస్తున్న ద్రావణాన్ని సింకులో పారబోశాడు. సింకు లోపల ఒక్కసారిగా నీలి వెలుగు. అందులోకి అక్వేరియం నుంచి సముద్రపు నీరు పొంగి వస్తోంది, ఆ నీటిలో కాల్షియం ఉంది. జెల్లీఫిష్ దీపానికి మీట కాల్షియమని అలా తెలిసింది. అదే జెల్లీఫిష్‌లో పక్కన దొరికిన ఆకుపచ్చ ప్రొటీన్ ఆ తర్వాత కణాల లోపల ఏం జరుగుతోందో చూపించే సాధనంగా మారింది. 2008 రసాయనశాస్త్ర నోబెల్‌ను మార్టిన్ చాల్ఫీ, రోజర్ చెన్‌లతో కలిసి ఆయన అందుకున్నాడు.

ఇప్పుడు మన తూర్పు తీరానికి వద్దాం. 2019 ఆగస్టులో ఒక ఆదివారం రాత్రి చెన్నై బీసెంట్ నగర్, తిరువాన్మియూరు ఒడ్డున అలలు నీలంగా విరిగాయి. వీడియోలు గంటల్లో ఊరంతా పాకాయి. జనం అర్ధరాత్రి బళ్లు వేసుకుని ఈసీఆర్ రోడ్డు పట్టారు. ఆనందం అందరిదీ నిజమే. కానీ ఆ రాత్రి వెలిగింది హావ్‌లాక్ పాయల్లో మెరిసే సూక్ష్మజీవుల లాంటిది కాదు. నాక్టిల్యూకా అనే జీవి. ఇది కూడా డైనోఫ్లాజెల్లేటే, కానీ వాటిలో రాక్షసి. సగం మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా ఉంటుంది. గాజు గ్లాసులో నీళ్లు పట్టి దీపానికి ఎదురుగా పెడితే సగ్గుబియ్యం పొడిలా తేలుతూ కంటికి ఆనుతుంది. ఎండతో బతికే రకం కాదు, చుట్టూ నీళ్లలో తేలే ఇతర చిన్న జీవులను (ప్లాంక్టన్‌ను), చేప గుడ్లను కూడా మింగి బతుకుతుంది. తినడానికి ఎక్కువ దొరికినప్పుడు ఎక్కువవుతుంది.

ఎక్కువ ఎప్పుడు దొరుకుతుంది? లోతు నీరు పైకి ఉబికి పోషకాలు తెచ్చినప్పుడు. వానలకి ఏరులూ కాలువలూ మట్టినీ ఎరువులనూ మోసుకొచ్చినప్పుడు. నగరాల మురుగు కలిసినప్పుడు. వీటిలో మొదటిది ప్రకృతి పని, చివరిది మన పని. ఒక ఒడ్డున ఒక రాత్రి కనిపించిన వెలుగు ఇందులో దేనివల్ల వచ్చిందో వీడియో చూసి చెప్పలేం. ‘కాలుష్యం వల్లే’ అని కొట్టిపారేయడమూ, ‘ప్రకృతి వింత’ అని మురిసిపోయి వదిలేయడమూ రెండూ తొందరపాటే. నీళ్లు పరీక్షిస్తేనే తెలుస్తుంది.

నాక్టిల్యూకాలో ఎర్ర రకం, పచ్చ రకం ఉన్నాయి. పచ్చ రకం తన కడుపులో ఆకుపచ్చటి చిన్న ఆల్గేలను, అంటే నాచు జాతి కణాలను పెంచుకుంటుంది. తినడానికి దొరికితే తింటుంది, దొరక్కపోతే లోపలున్నవి ఎండలో వండిపెట్టింది తింటుంది. ఇలా రెండు చేతులా సంపాదించే జీవి పెరగడం మొదలెడితే ఆపడం కష్టం. అదే 2019 సెప్టెంబరులో మన్నార్ సింధుశాఖలో, మండపం, రామేశ్వరం చుట్టుపక్కల నీళ్లు చిక్కటి పచ్చరంగుకి మారాయి. చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయి. నాక్టిల్యూకా తనంతట విషం చిమ్మేది కాదు. కానీ తేలడానికి ఒంట్లో అమ్మోనియా నింపుకుంటుంది. కోట్ల సంఖ్యలో ఒక్కసారి చస్తే ఆ అమ్మోనియా నీళ్లలో కలుస్తుంది, కుళ్లే క్రమంలో ఆక్సిజన్ అయిపోతుంది. చేప ఊపిరాడక పోతుంది. చెన్నైలో సెల్ఫీలు దిగిన జీవి, మండపంలో వేటకు పోయేవాళ్ల కడుపు కొట్టిన జీవి ఒకటే.

అరేబియా సముద్రంలో దీనిమీద శాస్త్రవేత్తల మధ్య పెద్ద చర్చే నడిచింది. చలికాలంలో ఉత్తర అరేబియా సముద్రంలో ఒకప్పుడు డయాటమ్‌లు అనే మంచి మేత ఉండే చోట ఈ పచ్చ నాక్టిల్యూకా ఏటా పరుచుకుంటోంది. అంతరిక్షం నుంచి చూస్తే పచ్చటి సుడులు తిరిగినట్టు కనిపిస్తుంది. లోతులోని ఆక్సిజన్ తక్కువ నీళ్లు పైకి రావడమే కారణమని హెల్గా గోమెస్, జోఆకిమ్ గోస్ బృందం 2014లో వాదించింది. 2018లో హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) శాస్త్రవేత్తల బృందం ఈశాన్య అరేబియా సముద్రంలో తాము చూసిన పచ్చ నాక్టిల్యూకాకి ఆక్సిజన్ కొరతతో సంబంధం లేదని రాసింది. తేలని చోట తేలలేదని ఒప్పుకుంటూ కొలతలు పెంచుకుంటూ పోవడమే సరైన దారి. మన కోస్తా మత్స్యకారులకు ఇన్‌కాయిస్ అంటే చేపలు దొరికే చోట్ల కబురు, తుఫాను అలల హెచ్చరిక గుర్తొస్తాయి. ఉపగ్రహాల లెక్కలతో సముద్రంలో ఆల్గే ఎక్కడ విపరీతంగా పెరుగుతోందో చెప్పే సేవ కూడా అక్కడి నుంచే నడుస్తోందని తక్కువమందికి తెలుసు.

ఇంకో కొసన మస్కిటో బే ఉంది. కరీబియన్‌లో ప్యూర్టోరికోకు చెందిన వియేకస్ దీవిలో ఒక చిన్న అఖాతం. లోకంలో అన్నిటికన్నా ప్రకాశవంతమైన జీవదీప్తి అఖాతంగా గిన్నిస్ రికార్డు దానిదే. ఒక గ్యాలన్ నీళ్లలో ఏడు లక్షల దాకా పైరోడినియం అనే డైనోఫ్లాజెల్లేట్లు ఉంటాయని లెక్క. అక్కడ వెలుగు జబ్బు గుర్తు కాదు, ఆరోగ్యం. చుట్టూ మడచెట్లు, వాటి ఆకులు కుళ్లి ఇచ్చే పోషకాలు, బయటి సముద్రానికి ఇరుకైన నోరు, నీళ్లని చెదరగొట్టని ప్రశాంతత. ఇవన్నీ కుదిరితేనే ఏడాది పొడవునా వెలుగు నిలుస్తుంది. 2017 సెప్టెంబరులో మరియా తుఫాను మడచెట్లను విరిచేసి అఖాతాన్ని కలిపేసింది. కొన్ని నెలలపాటు అక్కడ చీకటే. 2018లో వెలుగు తిరిగి వచ్చింది. అక్కడ ఈత నిషేధం. సన్‌స్క్రీన్, దోమల మందు రాసుకుని నీళ్లని తాకొద్దంటారు. యాత్రికుల ఒంటి మీది రసాయనాలు రోజూ కాస్త కాస్త కలిసినా ఇరుకైన అఖాతానికి బరువే.

కేరళలో కొచ్చి దగ్గర కుంబళంగి, చెల్లానం పల్లెల వాళ్లు ఈ వెలుగుని ‘కవరు’ అంటారు. వేసవిలో వెనకజలాలకు ఉప్పు ఎక్కినప్పుడు రొయ్యల చెరువు గట్ల పక్కన రాయి విసిరితే నీళ్లు వెలుగుతాయి. ఒక మలయాళ సినిమాలో కనిపించాక 2019 నుంచి అక్కడికి జనం తాకిడి పెరిగింది. సొంత పేరు ఉందంటే ఆ ఊరివాళ్లు దాన్ని తరాలుగా చూస్తున్నారని అర్థం. మన మత్స్యకార పల్లెల్లో కూడా రాత్రి వల లాగేటప్పుడు తాళ్ల వెంట నిప్పురవ్వలు చూడని పెద్దవాళ్లు ఉండరు. వాళ్ల దగ్గర ఏ పేర్లు ఉన్నాయో ఎవరైనా ఓపికగా తిరిగి రాసి పెడితే అది విలువైన పని.

జపాన్‌లోని తొయామా అఖాతం సంగతి వేరు. అక్కడ వెలిగేది కణం కాదు, వేలెడంత స్క్విడ్. హొతారుఇకా, మిణుగురు స్క్విడ్. ఏడాది పాటు లోతుల్లో బతికి మార్చి నుంచి మే దాకా గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరకొస్తుంది. నమెరికావా రేవు నుంచి తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే చూసేవాళ్ల పడవ కదులుతుంది. వేటగాళ్లు వల బిగిస్తున్న కొద్దీ నీళ్లు మరిగినట్టు నీలంగా వెలుగుతాయి. ఒంటి కింది వైపు వందల చుక్కలు, చేతుల చివర మరింత గట్టి దీపాలు. ఈ స్క్విడ్ గుంపుగా చేరే సముద్ర భాగాన్ని జపాన్ ప్రభుత్వం 1952లో ప్రత్యేక సహజ స్మారకంగా ప్రకటించింది. స్మారకం నీళ్లు మాత్రమే, స్క్విడ్ కాదు. అందుకే అదే స్క్విడ్ ఆ ఊరి భోజనంలోనూ ఉంటుంది.

ఒంటి కింద దీపాలు ఎందుకంటే, పైనుంచి వచ్చే మసక వెలుతురులో తన నీడ కింద ఉన్న శత్రువుకి కనిపించకుండా చేసుకోవడానికి. దాక్కోవడానికి వెలిగించుకునే దీపం. వినడానికి వింతగా ఉన్నా ఈ ఎత్తుగడకి ఉదాహరణ చూడటానికి జపాన్ వెళ్లనక్కర్లేదు. మన కోస్తా చేపల బజార్లలో ఎండబెట్టి చవగ్గా అమ్మే కారలు గుర్తున్నాయా? అరచేతిలో పట్టే పల్చటి వెండి చేప, నోరు గొట్టంలా ముందుకు సాగుతుంది. దాని అన్నవాహిక చుట్టూ ఉంగరంలా ఒక అవయవం ఉంటుంది, అందులో వెలిగే బ్యాక్టీరియా కాపురం ఉంటాయి. చేప వాటికి తిండి పెడుతుంది, అవి చేపకి వెలుగిస్తాయి. ఆ వెలుగు పొట్ట కిందికి పడి చేప నీడని చెరిపేస్తుంది. పులుసులో ఉడికే ప్రతి కారకీ ఒకప్పుడు సొంత దీపం ఉండేది.

బ్యాక్టీరియా మాట వచ్చింది కాబట్టి పాలసముద్రం గురించి చెప్పకుండా ఉండలేం. పురాణాల్లోది కాదు, నిజంగా నావికులు చూసింది. 1995 జనవరిలో సోమాలియా తీరానికి దూరంగా లీమా అనే బ్రిటిష్ సరకు ఓడ ఒక రాత్రి మంచు మైదానంలోకి వచ్చినట్టు తెల్లటి వెలుగులోకి ప్రవేశించి గంటల తరబడి అందులోనే సాగింది. అమెరికా శాస్త్రవేత్త స్టీవెన్ మిల్లర్ బృందం ఆ రోజుల ఉపగ్రహ చిత్రాలు వెతికి ఆ వెలుగుని అంతరిక్షం నుంచి గుర్తుపట్టింది. సుమారు 15,400 చదరపు కిలోమీటర్లు. 2019లో జావాకు దక్షిణంగా ఇంకా పెద్దది, లక్ష చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని నలభైకి పైగా రాత్రులు కనిపించింది. ఆ మధ్యలోంచి పోయిన గణేశ అనే చిన్న పడవ సిబ్బంది ఒక బకెట్‌తో ఆ నీళ్లు తోడారు. బకెట్లో వెలుగు చుక్కలు నిలకడగా ఉన్నాయి, కలిపితే ఆరిపోయాయి. హావ్‌లాక్‌లో తెడ్డు తగిలితే వెలుగు పుడుతుంది, ఇక్కడ తగిలితే పోతోంది. కాబట్టి ఇది వేరే జీవి. బ్యాక్టీరియా ఒంటరిగా ఉన్నప్పుడు వెలగవు. గుంపు ఒక స్థాయికి చేరిందని ఒకదానికొకటి రసాయనాలతో కబురు చేసుకున్నాకే, అన్నీ కలిసి, ఆగకుండా వెలుగుతాయి.

ఈ ఒక్క తేడా గుర్తుంటే నీళ్ల మీద కూర్చున్న మనిషి చాలావరకు సొంతంగానే పోల్చుకోగలడు. తాకితే రెప్పపాటు మెరిసేవి, తాకాక నిదానంగా వెలిగేవి, నీళ్లలో మరక వదిలేవి, ఎవరూ తాకకుండానే వెలుగుతూ ఉండేవి.

హావ్‌లాక్ వెళ్లేవాళ్లకి ఒక్క జాగ్రత్త. అండమాన్ మడపాయల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. చెయ్యి ముంచి వెలుగు చూడాలని అందరికీ ఉంటుంది, కానీ ఆ పాయలో ముంచవచ్చో లేదో వెంట వచ్చిన గైడ్‌ని అడిగాకే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి తరాలుగా స్థిరపడ్డ తెలుగు మత్స్యకార కుటుంబాలు ఆ దీవుల్లో చాలా ఉన్నాయి. ఏ పాయలో ఏముందో తెలుగులోనే చెప్పేవాళ్లు దొరుకుతారు. తెడ్డుతో చూసినా తక్కువేమీ కాదు.

మన ఒడ్డునే అలలు వెలిగిన రాత్రి ఎప్పుడైనా తటస్థిస్తే, చూసి వచ్చి పడుకున్నాక, పొద్దున్నే మళ్లీ అదే చోటికి వెళ్లి రావడం మంచిది. వీడియోలు తీసినవాళ్లలో పొద్దున వెళ్లేవాళ్లు తక్కువ. నీళ్లు మామూలు రంగులో ఉన్నాయా, గులాబీ చారలూ పచ్చటి తెట్టూ కట్టాయా, నురుగు జిగటగా ఉందా, చిన్న చేపలు ఒడ్డున వెల్లకిలా పడి ఉన్నాయా, నీచు వాసన రోజుకన్నా ఎక్కువగా ఉందా. ఒక రంగులేని సీసాలో కొన్ని నీళ్లు పట్టి ఎండకి ఎదురుగా పెడితే, సగ్గుబియ్యం పొడిలా తేలే చుక్కలు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ఉంటే ఆ సీసా మూత బిగించి, తేదీ, చోటు రాసి, దగ్గర్లోని మత్స్యశాఖ ఆఫీసుకో విశ్వవిద్యాలయం జీవశాస్త్ర విభాగానికో ఆ రోజే చేర్చాలి. ఆలస్యమైతే ఆ కణాలు చితికిపోయి గుర్తుపట్టడం కష్టమవుతుంది.